సైకిలు పంపు, పంక్చరు పెట్టె: ఇంట సిద్ధంగా ఉంచుకొనే పద్ధతి

సరిహద్దు గ్రామాలలో సైకిలు వ్యాయామ సాధనం కాదు, పనిముట్టు. తెల్లవారకముందే పాలక్యాన్లు కేంద్రానికి చేరేదీ, కూలికి పోయేవారు పొరుగు రాష్ట్రపు పొలాలకు దాటేదీ, పిల్లలు పక్క ఊరి ఉన్నత పాఠశాలకు వెళ్ళేదీ చాలాచోట్ల దానిపైనే. తమిళనాడులో 2001-02లో షెడ్యూల్డు కులాల, తెగల బాలికలతో ఆరంభమైన ఉచిత సైకిళ్ళ పథకం క్రమంగా ఇతర విద్యార్థులకూ విస్తరించింది. కర్ణాటకలో 2006-07 నుంచి 8వ తరగతి పిల్లలకు సైకిళ్ళు పంచారు. కరోనా కాలంలో, 2020లో ఆ పంపిణీ ఆగింది. ఇలా సైకిలు చేరిన ఇళ్ళన్నిటా పంపు ఉందని మాత్రం చెప్పలేము.

పంక్చరు కొట్టు రోడ్డు కూడలిలో ఉంటుంది; అదీ పొద్దెక్కాకనే తెరుస్తారు. ట్యూబులేని టైర్ల మోటారుసైకిళ్ళు పెరిగిన తరువాత సైకిలు ట్యూబు విప్పి అతికే ఓపిక గలవారు తగ్గిపోయారు. పదో తరగతి పరీక్ష రోజున ఉదయం ఏడు గంటలకు వెనుక చక్రం నేలకు అంటుకొని కనిపిస్తే, ఆ ఇంట్లో పంపు ఉందా, అది పనిచేస్తుందా అన్నదానిపై ఆ బిడ్డ ఏడాది చదువు ఆధారపడుతుంది. ఇక్కడ రెండో ప్రశ్నే ముఖ్యమైనది. అటకమీద పంపు, డబ్బాలో సొల్యూషన్ గొట్టం ఉన్న ఇళ్ళు చాలానే ఉన్నాయి. తీరా అవసరపడ్డ నాడు పంపులో వాషరు ఎండి ఉంటుంది, గొట్టంలో జిగురు రాయిలా గట్టిపడి ఉంటుంది.

పంపు సంగతి

ఇంటికి తగినది కాలితో తొక్కిపట్టి రెండు చేతులతో కొట్టే నిలువు పంపు. సైకిలు చట్రానికి తగిలించే చిన్న చేతిపంపు దారిలో ఆదుకుంటుంది గాని, దానితో 28 అంగుళాల చక్రాన్ని గట్టిగా నింపడానికి చేతులు పడిపోయేటంత సేపు కొట్టాలి. ఇంట్లో ఒక నిలువు పంపు, దూరం వెళ్ళే సైకిలుకు ఒక చేతిపంపు ఉంటే మేలు. ఒకటే కొనగలిగితే నిలువు పంపే కొనాలి.

పంపు లోపల కడ్డీ చివర గిన్నె ఆకారంలో ఒక వాషరు ఉంటుంది. పాత పంపుల్లో అది తోలుది, కొత్తవాటిలో రబ్బరుది. కడ్డీని కిందికి నొక్కినప్పుడు గిన్నె అంచు విచ్చుకొని గొట్టపు గోడను అంటి గాలిని ముందుకు తోస్తుంది. పైకి లాగినప్పుడు అంచు ముడుచుకొని పక్కనుంచి గాలిని లోపలికి రానిస్తుంది. తోలు ఎండిపోతే అంచు విచ్చుకోదు. అప్పుడు పిడి సునాయాసంగా దిగుతుంది, టైరులోకి మాత్రం ఏమీ పోదు. అలాంటి పంపును పాడైందని పారవేసేవారు ఉన్నారు. పైమూత మర తిప్పి, కడ్డీని బయటికి లాగి, తోలుకు నాలుగు చుక్కల ఆముదం పట్టించి, అంచును వేళ్ళతో మెల్లగా విప్పి మళ్ళీ పెడితే చాలా పంపులు బాగుపడతాయి. రబ్బరు వాషరుకు కిరసనాయిలు తగలనివ్వరాదు. రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. వాషరు చిరిగి ఉంటే పాతదాన్ని కొట్టుకు తీసుకువెళ్ళి దాని కొలతకే కొత్తది తేవాలి.

పంపును పరీక్షించడం క్షణంలో పని. రబ్బరు గొట్టం కొసను బొటనవేలితో గట్టిగా మూసి పిడిని నొక్కాలి. పిడి ఎదురుతన్ని పైకి లేస్తే పంపు మంచిది. లేవకుంటే వాషరునో, గొట్టం పగుళ్ళనో చూడాలి.

ఎంత గాలి కొట్టాలన్నది టైరు పక్క గోడమీదే అచ్చువేసి ఉంటుంది. బరువు మోసేది వెనుక చక్రం కనుక దానికి ముందుదానికన్నా కాస్త ఎక్కువ కావాలి. బొటనవేలితో నొక్కి చూసే పాత పద్ధతి అలవాటైన చేతికి సరిపోతుంది. పెట్రోలు బంకులో గాలి పట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. సైకిలు ట్యూబులో పట్టే గాలి చాలా తక్కువ. కారుకు ఉద్దేశించిన యంత్రం దాన్ని క్షణాలలో పగలగొట్టగలదు.

పంక్చరు కాని పంక్చరు

గాలి దిగిన ప్రతిసారీ ట్యూబుకు చిల్లి పడినట్టు కాదు. ట్యూబు రబ్బరు గుండా గాలి సహజంగానే కొద్దికొద్దిగా బయటికి పోతూ ఉంటుంది. సెలవుల్లో నెలపాటు గోడకు ఆనించిన సైకిలు మెత్తబడితే గాలి కొట్టి ఒక పూట చూడాలి. నిలిస్తే ఏ లోపమూ లేనట్టే.

పల్లెల్లో మామూలు సైకిళ్ళకు ఉండే వాల్వులో ఇత్తడి పిన్నుకు సన్నని రబ్బరు తొడుగు ఉంటుంది. దాన్నే వాల్ ట్యూబు అంటారు. పిన్ను పక్కన ఉన్న చిన్న రంధ్రం గుండా వచ్చిన గాలి ఈ రబ్బరును పైకెత్తి లోపలికి దూరుతుంది. లోపలి ఒత్తిడి వెంటనే రబ్బరును రంధ్రంమీద అదిమి దారి మూసేస్తుంది. ఎండకు రబ్బరు బీటలు వారితే గాలి రాత్రంతా సన్నగా కారిపోతుంది. వాల్వు నోటిమీద నీటిచుక్క వేసి చూస్తే బుడగ లేస్తుంది. పైమర విప్పి, పిన్ను తీసి, పాత రబ్బరు లాగేసి, కొత్త ముక్కను నీటితో తడిపి పక్క రంధ్రం పూర్తిగా కప్పబడేటట్టు ఎక్కించాలి. ఖర్చు చిల్లర డబ్బులు, సమయం రెండు నిమిషాలు. వాల్ ట్యూబు ముక్కలు నాలుగైదు ఇంట్లో ఉంటే సగం ఉదయాలు గట్టెక్కుతాయి. గేర్ల సైకిళ్ళకు మోటారుసైకిలు తరహా వాల్వు ఉంటుంది. దానికి వాల్ ట్యూబు అక్కరలేదు గాని, పంపు మూతి దానికి సరిపోవాలి. పంపు కొనేనాడే సైకిలు వెంట తీసుకువెళ్ళి సరిచూసుకోవడం ఉత్తమం.

పెట్టెలో ఉండవలసినవి

చిన్నా పెద్దా ప్యాచీలు, సొల్యూషన్ గొట్టం, గరుకు కాగితం, రెండు టైరు లీవర్లు, చక్రం నట్టుకు సరిపోయే పానా, వాల్ ట్యూబు ముక్కలు, అదనపు వాల్వు పిన్ను, సుద్దముక్క, పాత గుడ్డ, కాస్త దూది. దూరం తిరిగే సైకిలుకు మడిచిన కొత్త ట్యూబు ఒకటి ఉంటే ఇంకా మంచిది. ట్యూబు కొనేటప్పుడు టైరుమీది అంకె రాసుకొని వెళ్ళాలి. పెద్దవారి మామూలు సైకిలుకు సాధారణంగా 28 × 1½ ఉంటుంది, అదే కొత్త పద్ధతిలో 40-635 అని కూడా రాస్తారు. ఆడపిల్లల సైకిళ్ళలో చాలావాటికి 26 అంగుళాల చక్రం. అయితే 26 అన్న అంకె ఒకటే అయినా 26 × 1⅜ టైరు, గేర్ల సైకిలు 26 × 1.95 టైరు ఒకదాని రిమ్ముకు మరొకటి ఎక్కవు.

సొల్యూషన్ గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఒకసారి మూతి పొడిచిన గొట్టం, బిరడా ఎంత బిగించినా, కొన్ని నెలల్లో ఎండిపోతుంది. రాయచూరు, బళ్ళారి ఎండల్లో ఇంకా త్వరగా. కాబట్టి పెద్ద డబ్బా ఒకటి కొనడంకన్నా చిన్న గొట్టాలు రెండు కొని, ఒకటి విప్పకుండా ఉంచుకోవడం మేలు. ఇది నిప్పు తగిలితే భగ్గుమనే పదార్థం, దాని ఆవిరి పీల్చడం హానికరం. పొయ్యి ఉన్న గదిలో, చిన్నపిల్లలకు అందేచోట పెట్టరాదు.

ముల్లు, దాని జాడ

మెట్టప్రాంతాల్లో పంక్చర్లకు మొదటి కారణం సర్కారు తుమ్మ. 1870ల దశాబ్దంలో కడప ప్రాంతంలో నాటిన ఈ విదేశీ చెట్టు నేడు సరిహద్దు తెలియకుండా పెరిగింది. కర్ణాటకలో బళ్ళారి జాలి, తమిళంలో సీమై కరువేలం, మరాఠీలో వేడీ బాభూళ అన్నీ దీని పేర్లే. పేరు ఏదైనా ముల్లు ఒకటే. చేలకు కంపలు కట్టే రోజుల్లో బండిబాట నిండా దీని ముళ్ళే రాలి ఉంటాయి. రెండోది పల్లేరు, కన్నడిగులు నెగ్గిలు, తమిళులు నెరుంజి అంటారు. ఆ కాయ నేలమీద ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది, ఒక్క తొక్కుకు ట్యూబుకు రెండు మూడు చిల్లులు పడతాయి. వానలు వెనుదిరిగి దారులు ఎండే నాళ్ళలో దీని బెడద హెచ్చు. పర్లాకిమిడి వైపు కొండదారుల్లో ముల్లుకన్నా రాయి ప్రమాదకరం. గాలి తక్కువైన టైరు రాతి అంచుకు కొట్టుకుంటే ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. యానాం వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి రిమ్ము లోపల తుప్పు పొరలు లేచి ట్యూబును లోపలివైపు నుంచి కోస్తాయి.

చిల్లి ఎటువైపు ఉందో చూస్తే కారణం తెలుస్తుంది. నేలవైపు ఒకే చిల్లి ముల్లుది. లోపలివైపు చిల్లి పుల్లల కొసలదో, తుప్పుదో. అప్పుడు ట్యూబు అతికినంత మాత్రాన లాభం లేదు; కొసలను ఆకురాయితో రుద్ది, రిమ్ముకు కొత్త పట్టీ చుట్టాలి.

అతికే విధానం

వెనుక చక్రానికి పంక్చరైనా చక్రం విప్పనవసరం లేదు. గొలుసు లేని పక్కనుంచి ట్యూబును బయటికి లాగవచ్చు. వాల్వు పిన్ను, నట్టు తీసి, టైరు అంచును చుట్టూ రిమ్ము మధ్య పల్లంలోకి నొక్కితే వదులవుతుంది. ఆపై లీవర్లతో ఒక పక్క అంచు మాత్రమే లేపాలి. చెంచా కాడలు, మరమేకుల కడ్డీలు వాడితే పాత చిల్లితోపాటు కొత్తది తప్పదు.

ట్యూబుకు గాలి కొట్టి నీళ్ళ పళ్ళెంలో కొద్దికొద్దిగా ముంచితే బుడగలు చిల్లిని చూపుతాయి. నీళ్ళు లేనిచోట ట్యూబును చెంపకు దగ్గరగా తిప్పితే గాలి తగులుతుంది. ఒక చిల్లి దొరకగానే ఆపరాదు, చుట్టు మొత్తం చూడాలి. తరువాతి పని చాలామంది వదిలేసేది. చిల్లి వాల్వుకు ఎంత దూరంలో ఉందో కొలిచి, టైరులో అదే చోట ముల్లు కోసం వెదకాలి. విరిగిన ముల్లుకొన టైరు మందంలో దాగి బయటికి కనబడదు. దూదిని టైరు లోపల చుట్టూ తిప్పితే దాని పోగులు ముల్లుకు తగులుకుంటాయి. వట్టి వేలితో తడమడం గాయానికి దారి. ముల్లు తీయకుండా అతికిన ట్యూబు మరునాడే అదే చోట పోతుంది. అప్పుడు నింద ప్యాచీమీద పడుతుంది.

చిల్లి చుట్టూ ప్యాచీకన్నా కాస్త ఎక్కువ మేర గరుకు కాగితంతో రుద్ది, రబ్బరుమీద గీతలా ఉండే అచ్చు అంచును కూడా సమం చేసి, పొడి తుడవాలి. సొల్యూషన్ పలుచగా పూసి, తడి మెరుపు పోయేదాకా, సుమారు అయిదు నిమిషాలు ఆగాలి. వానాకాలంలో ఇంకొంత సేపు. తొందరపడి తడిమీద ప్యాచీ వేయడమే అతుకులు ఊడడానికి మొదటి కారణం. పూసినచోట వేలు పెట్టరాదు. ప్యాచీ వేసి మధ్యనుంచి అంచులకు గట్టిగా రుద్ది, పైన సుద్దపొడి చల్లితే జిగురు టైరుకు అంటుకోదు. ట్యూబును కొద్దిగా గాలితో లోపల సర్ది, వాల్వుకు ఎదుటి వైపునుంచి అంచును చేత్తోనే ఎక్కిస్తూ వచ్చి వాల్వు దగ్గర ముగించాలి. టైరు అంచు కింద ట్యూబు నలగలేదని రెండు వైపులా చూశాకే పూర్తిగా గాలి కొట్టాలి.

వాల్వు మొదట్లో చిరిగిన ట్యూబు, వేలెడు పొడవు చీలిన ట్యూబు అతుకు పట్టవు. వాటిని మార్చవలసిందే. తీగ బయటపడ్డ టైరుకు ఎన్ని ప్యాచీలు వేసినా దండగ.

ఈ పని పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు నేర్పడంలో పెద్దలు వెనుకాడడం కనిపిస్తుంది. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల తొలినాళ్ళలో సాక్షరతా ఉద్యమంతో పాటు గ్రామీణ స్త్రీలు వేల సంఖ్యలో సైకిలు నేర్చుకున్నారు. తొక్కడం వచ్చిన చేతికి వాల్ ట్యూబు మార్చడం కష్టం కాదు. ఏడో తరగతి పిల్ల ఒక ఆదివారం పాత ట్యూబుమీద రెండుసార్లు సాధన చేస్తే చాలు.

దారిలో

ముల్లు గుచ్చుకున్నట్టు కనిపించినా గాలి ఇంకా నిలిచి ఉండి, ఇల్లు దగ్గరైతే, ముల్లు లాగకుండా మెల్లగా చేరడమే మంచిది. అదే తాత్కాలికంగా చిల్లిని మూసి ఉంచుతుంది, చోటునూ చూపుతుంది. గాలి పూర్తిగా పోతే ఎక్కి తొక్కరాదు. రిమ్ము ట్యూబును, టైరును కలిపి కోస్తుంది. వెనుక బరువు దించి నడిపించాలి. ప్యాచీ లేనివేళ, చిల్లి ఉన్నచోట ట్యూబును కుచ్చులా పట్టి గట్టి దారంతో బిగించి కట్టి, గాలి కొట్టుకొని వచ్చే పద్ధతి పాతవారికి తెలుసు. చక్రం కాస్త ఎగుడుదిగుడుగా తిరుగుతుంది గాని, కొట్టు వరకు చేరుస్తుంది.

పెట్టెను సైకిలుకు తగిలించి ఎండలో వదలకుండా ఇంట్లో నీడపట్టున పెట్టి, బయలుదేరేటప్పుడు సంచిలో వేసుకోవాలి. నెలకొకసారి, జీతం రోజో సంత రోజో గుర్తుగా పెట్టుకొని, పంపు కొసను బొటనవేలితో మూసి కొట్టి చూడడం, సొల్యూషన్ గొట్టాన్ని వేళ్ళతో నొక్కి చూడడం, వాల్ ట్యూబు ముక్కను సాగదీసి చూడడం, ఈ మూడింటికీ అయిదు నిమిషాలు పట్టవు. వేసవి సెలవుల తరువాత బడి తెరిచే వారంలో, పరీక్షలకు ముందు వారంలో మరొకసారి చూడాలి.