ఆంగ్ల 'బైట్' శబ్దము : అర్థపరిణామము

పరభాషాపదములలో మనలను మోసపుచ్చునవి కఠినపదములు కావు. వానిని నిఘంటువు చూడక ఎవరును ముట్టరు. చిక్కంతయు బాలురు సైతము ఎఱిగిన చిన్న మాటలతోనే. మేము అధ్యాపకవృత్తిలో ప్రవేశించిన తొలి దినములలో ఒక ఆంగ్ల కథను అనువదించుచు, కోపము వచ్చియు పలుకక ఊరకుండిన ఒక పాత్రను గూర్చి 'నాలుక కఱచుకొనెను' అని వ్రాసితిమి. మూలమున ఉన్నది అక్షరాల ఆ మాటయే. కాని తెలుగువాడు నాలుక కఱచుకొనునది అనరాని మాట అనిన తరువాత. ఆంగ్లేయుడు కఱచుకొనునది అనకుండుటకు. వృద్ధులైన అధ్యాపకులొకరు చూపువఱకు ఈ తప్పు మా కంటబడలేదు. ప్రస్తుతవ్యాసమునకు బీజము ఆ తప్పే.

నేడు ఆంగ్లమున 'బైట్' అనగా పంటితో చేయు పని. పుట్టుకలో ఆ మాటకు పంటితో సంబంధము లేదు. దీని ప్రాచీనాంగ్లరూపము 'బీటన్'. 14వ శతాబ్దిలో చాసరు దీనిని దీర్ఘ ఈకారముతోనే పలికియుండును. 15వ శతాబ్ది మొదలుకొని క్రమముగా జరిగిన మహాస్వరపరివర్తనమున ఆ ఈకారము ఐకారమైనది. జర్మనుభాషలోని 'బైసెన్' దీనికి సోదరపదము. వీని కన్నిటికిని మూలమైన ఇండో-యూరోపీయ ధాతువునకు చీల్చుట యని అర్థము. సంస్కృతమున ఆ ధాతువే భిద్.

ఈ జ్ఞాతిత్వమునకు ప్రమాణమేమి? 1822లో యాకోబ్ గ్రిమ్ పండితుడు నిరూపించిన ధ్వనిసూత్రము ప్రకారము మూలభాషలోని భకారము జర్మానిక భాషలలో బకారమగును, దకారము టకారమగును. సంస్కృతమున భ్రాతృ, ఆంగ్లమున బ్రదర్. సంస్కృతమున ద్వి, ఆంగ్లమున టూ. అటులనే దశ, టెన్. భిద్, బైట్ అనువానిలోని హల్లులు రెండును ఈ సూత్రమునకు లోబడుచున్నవి. పరిశోధకవిద్యార్థులు పట్టుకొనవలసినది ఈ క్రమమును, పైకి కనబడు పోలికను కాదు. పోలికను నమ్మినచో తెలుగులోనే దారి తప్పుదుము. కుక్క కఱచుట ఒకటి, విద్య కఱచుట మఱొకటి. రూపము ఒక్కటియే యైనను ధాతువులు వేఱు. మొదటిదానికి ప్రేరణరూపము కఱపించుట, రెండవదానికి కఱపుట.

చీల్చుట యను పాతయర్థము ఆంగ్లమున చాలకాలము బ్రతికియున్నది. సుమారు 1000వ సంవత్సరమునాటి వ్రాతప్రతిలో మనకు దక్కిన 'బేవుల్ఫ్' కావ్యమున, గ్రెండెల్ తల్లితో పోరునపుడు నాయకుని కత్తి 'కఱవ'నొల్లదు. అనగా తెగవేయదు. ఇది అలంకారమే యని వాదింపవచ్చును. మాకు అటుల తోచదు. ధాతువునకు చీల్చుటయే ప్రథమార్థమైనపుడు, కత్తికి చెల్లిన క్రియ పంటికి సంక్రమించెననుటయే సహజము. సంస్కృతమునను ఈ ధాతువు ఆయుధములయందే మెఱయుచున్నది. అమరకోశము ఇంద్రుని పేళ్లలో గోత్రభిత్తును చెప్పినది. భేదము, భిన్నము, నేలను చీల్చుకొని వచ్చు ఉద్భిజ్జము, కడకు భిత్తి కూడ ఈ ధాతుజములే. భిత్తి మొదట చీల్చిన వెదురుపేళ్ల తడికయై, పిదప గోడ యైనది. అయినను సంస్కృతమున ఈ ధాతువు దంతముల జోలికి పోలేదు. ఆ పనికి దంశ ధాతువు వేఱుగ నున్నది.

లాటినుభాషలోను ఈ ధాతువు చీల్చుట యందే నిలిచి 'ఫిండో' అను రూపమున వర్తిల్లెను. దానినుండి పుట్టిన 'ఫిషన్' అను మాటను ఆంగ్లము ఎరువు తెచ్చుకొన్నది. 1939లో లీజె మైట్నర్, ఓటో ఫ్రిష్‌లు యురేనియము కేంద్రకము చీలుటకు దీనినే జీవశాస్త్రమునుండి గ్రహించి వాడిరి. ఇటుల 'బైట్', 'ఫిషన్' అను జ్ఞాతులు రెండును ఒకే భాషలో ఒకరినొకరు ఎఱుగక యున్నవి. మన పరిభాషలో 'విచ్ఛిత్తి' స్థిరపడినది. అది ఛిద్ ధాతువు. భేదనము అని యుండినచో వంశము కలిసియుండెడిది. భౌతికశాస్త్రమునకు దానితో పనిలేదనుకొనుడు.

ఆంగ్లమున దీని సంతానము పెద్దది. కొఱికిన తునుక 'బిట్'. నాలుకను కోసినటులుండు రుచి 'బిటర్'. కొఱుకు పురుగు 'బీటిల్'. వీనికంటె మా కాసక్తి కలిగించునది 'బెయిట్'. ఇది నార్సుభాషలోని ప్రేరణార్థకమునుండి వచ్చినది. కఱపించుట యని దాని అర్థము. చేపచే కఱపించునది కావున ఎఱ. కుక్కలచే ఎలుగుబంటిని కఱపించు వినోదమునకును అదే పేరు. ఆ క్రూరవినోదమును ఇంగ్లండున 1835లో చట్టముచే నిషేధించిరి. మన 'ఎఱ'కు ఇట్టి ప్రేరణసంబంధము లేదు. 'కఱపించు'ను తెలుపక 'బెయిట్'కు ఎఱ యని మాత్రము చెప్పినచో విద్యార్థికి సగమే చెప్పినటులగును.

ఇక ప్రయోగము. ఆంగ్లమున కుక్కయు, పామును, దోమయు, పండు తిను బాలుడును ఒకే క్రియకు కర్తలు. తేలు, తేనెటీగ మాత్రము వేఱు క్రియకు, 'స్టింగ్' అనుదానికి చెందును. నోటితో చేసినది 'బైట్', తోకకొండితో చేసినది 'స్టింగ్'. తెలుగు విభజన వేఱు. కుక్క కఱచును. పాము కఱచును, లేక కాటు వేయును. బాలుడు జామకాయ కొఱుకును, ఎలుక బట్టలు కొఱుకును. దోమయు, తేలును, తేనెటీగయు కుట్టును. దోమ చేయునది నోటి పనియే. మనవారు నోటిని చూడలేదు, సూదిపోటును చూచిరి. బట్ట కుట్టుటకును ఈ మాటయే కదా. ఆంగ్లేయులు అవయవమును బట్టియు, మనము చర్యను బట్టియు క్రియను నిర్ణయించుకొంటిమి.

కఱచు, కొఱుకు అనువాని నడిమి భేదము మఱింత సూక్ష్మము. కఱచుటలో పట్టు ప్రధానము, బాధపడునది తఱుచుగా ప్రాణి. కొఱుకుటలో తునుక ప్రధానము. కొఱికినచో ముక్క ఊడిరావలెను. ఊడిరానిది కొఱకరాని కొయ్య. కోపమున పండ్లు కొఱుకుట ఈ సూత్రమునకు లొంగదు. పలుకుబడులన్నియు సూత్రమునకు లొంగవలెనని కోరుటయు తగదు. ఏమైనను, చీల్చుట యను మూలార్థమునకు చేరువగా నుండునది కొఱుకు. 'బైట్' అనగానే మన విద్యార్థులకు నోటికి వచ్చునది మాత్రము కఱచు.

పలుకుబడులలో సామ్యము కనబడినంతనే ఎరువని నిర్ణయింపరాదు. ఓడినవాడు మన్ను కఱచెనని మనమందుము. తమిళులును ఇట్లే అందురు. ఆంగ్లేయుడు దుమ్ము కఱచెననును. హోమరు 'ఇలియడ్'లో కూలిన యోధులు పండ్లతో నేలను పట్టుదురు. బోరగిలపడినవాని నోట మన్ను పడుటకు ఏ భాషయు మఱొక భాషను అడుగ నక్కఱలేదు.

20వ శతాబ్దిలో ఈ కుటుంబమున క్రొత్త శాఖ పుట్టినది. ద్వ్యంకసంఖ్యామానములోని అంకమునకు జాన్ టూకీ కూర్చిన సంక్షిప్తరూపము 'బిట్'. దానిని 1948లో క్లాడ్ షానన్ తన ప్రసిద్ధవ్యాసమున ఉపయోగించెను. రెండు మాటల ముక్కలు అతికి చేసిన ఈ పేరు పాత 'బిట్' రూపమునే తాల్చుట గమనింపదగినది. 1956లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన వెర్నర్ బుకోల్జ్ కొన్ని బిట్ల సముదాయమునకు 'బైట్' అని పేరిడుచు, పొరపాటున అది 'బిట్'గా మాఱకుండుటకై ఆంగ్లలిపిలోని 'ఐ' అక్షరమునకు బదులు బుద్ధిపూర్వకముగా 'వై' వ్రాసెను. నేడు వాడుకలోనున్న యూ.టీ.ఎఫ్.-8 విధానమున 'కఱచు' అని వ్రాయుటకు ఇట్టివి 12 కావలెను. ఆంగ్లపదమునకు 4 చాలును.

మన వార్తాప్రసారములవారును 'బైట్ తీసికొంటిమి' అనుచుందురు. ఇది కంప్యూటరు మాట కాదు. ప్రసంగమునుండి కొఱికి తీసిన తునుకను ఆంగ్లేయులు 'సౌండ్ బైట్' అందురు, దానికిది క్లుప్తరూపము. కాని మనదేశమున కొందఱు దీనిని ఆంగ్లమున వ్రాయునపుడు బుకోల్జ్ అక్షరమునే వాడుచున్నారు. తెలుగు లిపిలోనైతే ఆ రెండింటికిని రూపమొక్కటియే. అతడు ఒక్క అక్షరము మార్చి తొలగించుకొనిన భ్రాంతి మన లిపిలో నిలిచియే యున్నది.