బాన్సువాడ తొలి ఎన్నికలు – రాజనీతిశాస్త్రం చూడని చరిత్ర

మంజీర నదిపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువల వల్ల వరి మాగాణంగా పేరు తెచ్చుకున్న బాన్సువాడ ప్రాంతానికి, వ్యవసాయ చరిత్రతో పాటు అంతగా గుర్తింపునకు నోచుకోని మరొక చరిత్ర ఉంది. వయోజనులందరికీ ఓటు హక్కు కల్పించి 1952లో హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు జరిపిన తొలి ఎన్నికలలో ఈ నియోజకవర్గం సంగం లక్ష్మీబాయిని ఎన్నుకోగా, 1957లో సీతాకుమారి ఇక్కడి నుంచి గెలిచారు. ఓటు అనే మాటే కొత్తగా ఉన్న రోజులలో, నిజాం పాలన ముగిసి నాలుగేళ్లు మాత్రమే గడిచిన ప్రాంతంలో, వరుసగా రెండు ఎన్నికలలో స్త్రీలే ప్రతినిధులు కావడం ఏ కొలమానంతో చూసినా ముఖ్యమైన విషయం.

లక్ష్మీబాయి 1911లో ఘట్‌కేసర్‌లో జన్మించి, గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ స్థాపించిన శారదా నికేతనంలో చదువుకొని, శాసనోల్లంఘన ఉద్యమంలో జైలు శిక్ష అనుభవించి, ఆ అనుభవాలను తరువాతి కాలంలో పుస్తకంగా రాసిన వ్యక్తి. ఆమె 1954 నుంచి 1956 వరకు హైదరాబాద్ రాష్ట్ర విద్యాశాఖ ఉపమంత్రిగా పనిచేసి, 1957, 1962 ఎన్నికలలో వికారాబాద్ నుంచి, 1967లో మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అదే తొలి శాసనసభలో హైదరాబాద్ పాతనగరం నుంచి మాసూమా బేగం, ఆలేరు నుంచి తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆరుట్ల కమలాదేవి కూడా ఉన్నారంటే, ముస్లిం స్త్రీకీ కమ్యూనిస్టు స్త్రీకీ ఆ సభలో చోటు దక్కిందని అర్థం.

బాన్సువాడకు పొరుగున ఉన్న ఎల్లారెడ్డి నియోజకవర్గం చరిత్ర ఇంకా విశేషమైనది. 1960 నుంచి 1962 వరకు ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉపసభాపతిగా ఉన్న దళిత నాయకురాలు టి.ఎన్. సదాలక్ష్మి 1962లో ఎల్లారెడ్డి నుంచి గెలుపొందారు. ఆ తరువాత 1967, 1972 ఎన్నికలలో అంబేద్కర్ ఆలోచనల వారసత్వంతో ఏర్పడిన రిపబ్లికన్ పార్టీ తరఫున జె. ఈశ్వరీబాయి అక్కడ విజయం సాధించారు. సదాలక్ష్మి పాలకపక్షంలో ఎదిగిన నాయకురాలు కాగా, ఈశ్వరీబాయి ప్రతిపక్షంలో నిలిచి ప్రశ్నించిన నాయకురాలు. దళిత స్త్రీ రాజకీయం ఒకే మూసలో ఉండదని చెప్పడానికి ఒకే నియోజకవర్గం ఇచ్చిన ఇంతకంటే మంచి ఉదాహరణ తెలుగు నేలపై అరుదు.

అయితే ఈ చరిత్రను పొగడ్తతో సరిపెట్టడం న్యాయం కాదు. లక్ష్మీబాయిది ఘట్‌కేసర్, సదాలక్ష్మి, ఈశ్వరీబాయి సికింద్రాబాద్ పరిసరాలలో ఎదిగినవారు. నగరపు చదువు, ఉద్యమ పరిచయాలు, పార్టీ అండ ఉన్న స్త్రీలకు మారుమూల నియోజకవర్గాలు తలుపు తెరిచాయి గానీ, ఆ ఊళ్లలోనే పుట్టి నాట్లు వేసిన స్త్రీ శాసనసభ దాకా నడిచే దారి అప్పటికి పడలేదు. బాన్సువాడలో 1994 నుంచి 2023 వరకు జరిగిన శాసనసభ ఎన్నికలలో, 2011 ఉపఎన్నికతో సహా, గెలిచినవారందరూ పురుషులే.

ఈ ఎదుగుదలనూ ఈ తగ్గుదలనూ వివరించవలసిన శాస్త్రం రాజనీతిశాస్త్రం, అంటే రాజ్యం, అధికారం, ప్రాతినిధ్యం ఎలా పనిచేస్తాయో పరిశీలించే విద్య. ఈశ్వరీబాయి ఎల్లారెడ్డిలో తొలిసారి గెలిచిన 1967లోనే అమెరికా రాజనీతిశాస్త్రవేత్త హానా పిట్కిన్ ప్రాతినిధ్య భావనపై ప్రసిద్ధ గ్రంథం వెలువరించారు. ప్రతినిధి తన వర్గాన్ని పోలి ఉండటాన్ని వర్ణనాత్మక ప్రాతినిధ్యమనీ, ఆ వర్గం ప్రయోజనాల కోసం పనిచేయడాన్ని సారభూత ప్రాతినిధ్యమనీ అందులో వేరుచేసి చూపారు. ఎల్లారెడ్డి, బాన్సువాడ ఈ రెండు రకాల ప్రాతినిధ్యాల మధ్య సంబంధాన్ని పరీక్షించడానికి తగిన క్షేత్రాలే అయినా, పార్టీలు, రాజ్యాంగ సంస్థలు, కులసమీకరణల చుట్టూ తిరిగిన నాటి అధ్యయనాలలో స్త్రీ ఓటరుకూ స్త్రీ ప్రతినిధికీ దక్కిన స్థానం స్వల్పం.

కారణం వెతకడానికి దూరం వెళ్లనక్కరలేదు: ప్రశ్నలు వేసే కుర్చీలలో ఎవరు కూర్చుంటే వారి జీవితానికి దగ్గరగా ఉన్న ప్రశ్నలే శాస్త్రం ప్రశ్నలవుతాయి. 1903లో ఏర్పడిన అమెరికా రాజనీతిశాస్త్ర సంఘం కూడా తన రంగంలోని స్త్రీల స్థితిపై కమిటీ వేసుకోవడానికి 1969 దాకా ఆగింది. భారతదేశంలో పెద్ద మలుపు 1974 నాటి స్త్రీల స్థితిగతుల కమిటీ నివేదికతో వచ్చింది. ఆ కమిటీ సభ్య కార్యదర్శి వీణా మజుందార్ రాజనీతిశాస్త్రం బోధించిన అధ్యాపకురాలు. శాసనసభలలో స్త్రీలకు రిజర్వేషన్ వద్దన్న మెజారిటీ అభిప్రాయంతో విభేదిస్తూ ఆమె, న్యాయశాస్త్ర అధ్యాపకురాలు లోతికా సర్కార్ అసమ్మతి పత్రం రాశారు. కాలం ఆ ఇద్దరి పక్షాన నిలిచింది.

తెలుగు నేలపై స్త్రీల ప్రశ్నలను శాస్త్రంలోకి తెచ్చే పని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించిన రమా మెల్కోటే వంటివారి చేతుల మీదుగా సాగింది. ఆమె భాగమైన స్త్రీశక్తి సంఘటన, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను సేకరించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ను వెలువరించింది. అదే విశ్వవిద్యాలయంలో అదే శాస్త్రం బోధించిన కంచ ఐలయ్య, ఉత్పత్తి కులాల జీవితాన్ని రాజకీయ సిద్ధాంతం మధ్యకు తెచ్చారు. సదాలక్ష్మి జీవితకథ మాత్రం గోగు శ్యామల కృషితో 2011లో ‘నేనే బలాన్ని’గా వెలువడేదాకా పాఠకుల ముందుకు రాలేదు, ఉపసభాపతి పదవి చేపట్టిన స్త్రీకి అర్ధశతాబ్దం పట్టిన ఆలస్యమిది.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలలో కనీసం మూడో వంతు స్థానాలు స్త్రీలకు కేటాయించగా, తెలంగాణలో ఆ వాటా సగానికి పెరిగింది. 1952లో పడని దారి ఇప్పుడు గ్రామం నుంచే మొదలైంది. చట్టసభలలో మూడో వంతు కేటాయించే 106వ సవరణ 2023లో ఆమోదం పొందింది. డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయంలోనూ బాన్సువాడ కళాశాలలలోనూ రాజనీతిశాస్త్రం చదువుతున్న విద్యార్థినులు సీతాకుమారి ఎన్నికను, ఈశ్వరీబాయి సభా ప్రసంగాలను, తమ ఊరి మహిళా సర్పంచుల అనుభవాలను పరిశోధనాంశాలుగా ఎంచుకోవాలి. తొలి ఎన్నికలలో ఓటు వేసిన తరం వేగంగా కనుమరుగవుతున్నందున, ఈ పని వెంటనే మొదలుకావాలి.