బరువుకూ స్పష్టతకూ నడుమ సిలికాన్ అద్దం

ఎక్స్‌రే కిరణం అద్దానికి సూటిగా తగిలితే వెనక్కి రాదు, అందులోనే ఇంకిపోతుంది. చెరువు మీద ఏటవాలుగా విసిరిన పెంకులా ఉపరితలాన్ని రాసుకుంటూ వస్తేనే పరావర్తనం చెందుతుంది. ఈ గుణంతో ప్రతిబింబాన్ని రాబట్టే వంపు అద్దాల జోడీని 1952లో జర్మన్ శాస్త్రవేత్త హాన్స్ వోల్టర్ సూత్రీకరించాడు. ఆయన ఆలోచన సూక్ష్మదర్శిని కోసం. ఎక్స్‌రేలను అద్దాలతో కేంద్రీకరించి ఆకాశాన్ని చూడవచ్చని 1960లో రికార్డో జకోనీ, బ్రూనో రోసీ ప్రతిపాదించారు.

చిక్కు ఒక్కటే. కిరణాలకు దాదాపు సమాంతరంగా నిలబెట్టిన అద్దం పట్టే కాంతి బహు స్వల్పం. అందుకే ఒకదానిలో ఒకటి ఇమిడేలా ఎన్నో అద్దాలు అమర్చాలి. అన్నీ ఇమడాలంటే పలచగా ఉండాలి. పలచబడితే వంపు చెడుతుంది.

1999లో అంతరిక్షంలోకి వెళ్లిన చంద్ర ఎక్స్‌రే అబ్జర్వేటరీ మందాన్నే నమ్ముకుంది. సుమారు 2 సెంటీమీటర్ల మందమున్న గాజు అద్దాలు నాలుగు జతలే, అయినా బరువు టన్నుకు దగ్గర. దాని స్పష్టత అర ఆర్క్‌సెకను, అంటే డిగ్రీలో 7200వ వంతు. నేటికీ దానికి సాటి లేదు. అదే ఏడాది వెళ్లిన మరో అబ్జర్వేటరీ ఎక్స్ఎంఎం-న్యూటన్‌లోని మూడు టెలిస్కోపుల్లో ఒక్కోదానికి 58 నికెల్ అద్దాలు. పట్టే కాంతి పెరిగింది, స్పష్టత 15 ఆర్క్‌సెకన్లకు దిగింది. 1993 నాటి జపాన్ ఉపగ్రహం ఆస్కా అల్యూమినియం రేకులు వాడింది. 2015లో శ్రీహరికోట నుంచి ఎగిరిన మన ఆస్ట్రోశాట్ సాఫ్ట్ ఎక్స్‌రే టెలిస్కోపుదీ రేకుల దారే. తేలికే గానీ, చిత్రం మసక.

ఈ ప్రతిష్టంభనను కదిపింది నాసా గొడ్డార్డ్ కేంద్రంలో విలియం జాంగ్ బృందం. గాజులో అంతర్గత ఒత్తిళ్లు ఉంటాయి. చెక్కి పలచన చేసేకొద్దీ అవి బయటపడి ఆకారాన్ని వంచేస్తాయి. ఏకస్ఫటిక సిలికాన్‌లో పరమాణువులన్నీ ఒకే క్రమంలో ఉంటాయి కనుక ఆ ఒత్తిళ్లు దాదాపు ఉండవు. అందుకే మందపాటి దిమ్మెను కావలసిన వంపులో అరగదీసి, దానిపైనుంచి పలచటి పొరను కోస్తారు. కోతలో దెబ్బతిన్న భాగాన్ని ఆమ్లంతో కరిగించి, మెరుగు పెట్టి, మిగిలిన ఎత్తుపల్లాలను అయాన్ పుంజంతో సవరిస్తారు. ఆపై ఇరీడియం పూత. ఆ పూత లాగుడుకే పలచటి అద్దం వంగుతుంది కాబట్టి, వెనకవైపు మరో పూతతో సరిచేస్తారు. నా దృష్టిలో ఈ పనితనమంతటిలో అత్యంత సున్నితమైన ఘట్టం ఇదే.

యూరప్‌ది మరో బాట. చిప్‌ల పరిశ్రమ మెరుగుపెట్టిన సిలికాన్ పలకల్లో గాళ్లు కోసి, దొంతరగా పేర్చి, న్యూఅథీనా టెలిస్కోపుకు సిద్ధం చేస్తున్నారు. రెండు బాటలకూ ముడిసరుకు ఇచ్చింది కంప్యూటర్ల యుగమే. ఆ పరిశ్రమే లేకుంటే ఇంత శుద్ధమైన స్ఫటికం ఖగోళ శాస్త్రానికి అందేది కాదు.

జాంగ్ బృందం విడి జతలు పరీక్షల్లో ఆర్క్‌సెకను దరిదాపులకు చేరాయి. వందలాది ముక్కలను అదే కచ్చితత్వంతో అమర్చడమే అసలు పరీక్ష. 2024లో నాసా తదుపరి అధ్యయనానికి ఎంచుకున్న రెండు అంతరిక్ష టెలిస్కోపు ప్రతిపాదనల్లో ఒకటైన ఆక్సిస్ ఈ అద్దాల మీదే ఆధారపడింది.