చేపతో మొదలయ్యే కీబోర్డు: తొలి అభ్యాసకుల కంప్యూటర్ పదజాలంపై ఒక పరిశీలన

కంప్యూటర్ బోధన గురించి తెలుగులో జరిగే చర్చ చాలావరకు పేర్ల దగ్గరే ఆగిపోతుంది. ఫైలు అనాలా, దస్త్రం అనాలా? కీబోర్డు అనాలా, మీటల పలక అనాలా? ఈ వ్యాసం ఆ తగువులో ఎక్కువసేపు నిలవదు. గణపవరం, తాడేపల్లిగూడెం, ఏలూరు, కొల్లేటి గ్రామాల్లో తెలుగు మాధ్యమంలో చదువుకొని తొలిసారి కంప్యూటరు ముందు కూర్చునే మనిషి వేలు ఏ మీట మీద ముందు పడాలన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ ప్రాంతానికి కంప్యూటరు నిన్న మొన్న వచ్చింది కాదు. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో 2002లోనే గ్రామీణ ఈ-సేవ మొదలైంది. కేంద్రాల నిర్వహణలో స్వయంసహాయక సంఘాల మహిళలకు చోటు దక్కింది. 2011లో మీసేవ వచ్చింది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలై, డిజిటల్ అసిస్టెంటు అనే ఉద్యోగమే ఊళ్లోకి వచ్చింది. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ నడుస్తోంది. ఇన్ని వచ్చినా తొలి పాఠం వరుస మాత్రం ఇంగ్లీషు టైపు ఇన్‌స్టిట్యూట్ నాటిదే.

వాడుకలోని పదజాలాన్ని పరిశీలిస్తే మూడు పొరలు కనిపిస్తాయి. మొదటిది టైపు మిషను నుంచి వచ్చింది: షిఫ్ట్, ట్యాబ్, స్పేస్ బార్, బ్యాక్‌స్పేస్. 1878 నాటి రెమింగ్టన్ రెండో నమూనాలో షిఫ్ట్ నొక్కితే కాగితం చుట్టిన బండి నిజంగానే జరిగి, అదే మీటకున్న రెండో అక్షరం పడేది. రెండో పొర డీటీపీ షాపుది: ఫాంటు, పేజ్‌మేకర్, అను, యాపిల్ లేఅవుట్, మాడ్యులర్. పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు, కరపత్రాలు కొట్టే కుర్రాళ్ల నోట ఈ మాటలే ఉంటాయి. మూడోది పండితులూ స్థానికీకరణ కార్యకర్తలూ కల్పించినది: దస్త్రం, సంచయం (ఫోల్డర్), విహారిణి (బ్రౌజర్), అంతర్జాలం. వీటిలో అంతర్జాలం పత్రికల పుణ్యమా అని నిలిచింది. విహారిణి జనం నోట పడలేదు, పడుతుందన్న నమ్మకమూ నాకు లేదు. తొలి అభ్యాసకుడికి మొదటి రెండు పొరలు చాలు.

అసలు లోటు పేర్లలో లేదు, పాఠం వరుసలో ఉంది. మామూలుగా తొలి పాఠంలో ఎ, ఎస్, డి, ఎఫ్ అంటూ అర్థం లేని వరుసలు పేజీలకు పేజీలు కొట్టిస్తారు. అదే కీబోర్డును ఇన్‌స్క్రిప్ట్ పద్ధతికి మార్చి చూద్దాం. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ప్రమాణీకరించిన అమరిక ఇది. గుణింతపు గుర్తులు ఎడమ చేతికి, హల్లుల్లో ఎక్కువ భాగం కుడి చేతికి వస్తాయి. నడిమి వరుసలో ఎడమవైపు ఓత్వం, ఏత్వం, పొల్లు, గుడి, కొమ్ము. కుడివైపు ప, ర, క, త, చ, ట. పై వరుసకు గానీ కింది వరుసకు గానీ వేలు కదపకుండా ఏమేం రాయవచ్చు? చేప, తోట, కోత, పేట, కోట, రేకు, రేపు. కొల్లేటి పిల్లవాడు మొదటి గంటలోనే చేప అని కొట్టి తెర మీద చూసుకోగలడు. ఇంగ్లీషు పాఠంలో మొదటి గంటకు ఆ తృప్తి దొరకదు. వేళ్లకు ఆనవాలుగా ఉబ్బెత్తు గీతలుండే రెండు మీటలు, ఎఫ్, జె, ఇక్కడ గుడి, ర అవుతాయి. రెంటినీ కలిపి ‘రి’ కొట్టించి స్థానం పట్టించవచ్చు.

షిఫ్ట్ కూడా ఇక్కడే తేలిగ్గా బోధపడుతుంది. పెద్దబడి, చిన్నబడి తేడా లేని లిపిలో చదువుకున్నవాడికి క్యాపిటల్ లెటర్లతో షిఫ్ట్‌ను వివరించడం చుట్టుదారి. ఇన్‌స్క్రిప్ట్‌లో క ఉన్న మీటను షిఫ్ట్‌తో నొక్కితే ఖ, గ మీటకు ఘ, త మీటకు థ, ప మీటకు ఫ. గుణింతపు గుర్తు మీటకు షిఫ్ట్ తోడైతే అచ్చు వస్తుంది: ఏత్వం ఏ అవుతుంది, దీర్ఘం ఆ అవుతుంది. బడిలో నేర్చిన వర్ణమాలే ఇక్కడ నియమం.

తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే రోమన్ లిప్యంతరీకరణను సమర్థించేవారి వాదన కొట్టివేయదగ్గది కాదు. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతీ, 2006లో వీవెన్ అందించిన లేఖిని అనే టైపింగు ఉపకరణమూ లేకపోతే అంతర్జాలంలో తెలుగు అంత త్వరగా పుంజుకునేది కాదు. మన ఊళ్ల పేర్లతోనే, షిఫ్ట్ మీటను విడిగా లెక్కించకుండా, రెండు పద్ధతుల్నీ తూచి చూశాను. ‘గణపవరం’కు ఇన్‌స్క్రిప్ట్‌లో 6 నొక్కులు, ఆర్‌టీఎస్‌లో 11. అలాగని అన్ని పేర్లూ ఇటే మొగ్గవు. ‘ఏలూరు’ రెండింటా 5. ‘తాడేపల్లిగూడెం’ రెండింటా 14. ‘కొల్లేరు’కైతే ఇన్‌స్క్రిప్ట్‌లో 8, ఆర్‌టీఎస్‌లో 7 మాత్రమే. కనుక నొక్కుల పొదుపు చూపి ఇన్‌స్క్రిప్ట్‌ను గెలిపించలేం. తెలుగు రాయడానికి ముందు ఇంగ్లీషు స్పెల్లింగు ఆలోచించనక్కర్లేకపోవడమే దాని బలం. ఇంగ్లీషు బాగా వచ్చినవాడికి ఇది పెద్ద లాభం కాదు. డ్వాక్రా సంఘం లెక్కలు చూసే మహిళకు ఎంతో లాభం.

దిద్దుబాటు మీటల మాట కూడా చెప్పాలి. బ్యాక్‌స్పేస్, డిలీట్ రెండూ ‘చెరిపేవే’ అని పాఠాల్లో ఒక్క మాటలో దాటేస్తారు. చాలా సాఫ్ట్‌వేర్లలో ‘గూ’ తర్వాత కర్సరు పెట్టి బ్యాక్‌స్పేస్ నొక్కితే దీర్ఘపు కొమ్ము మాత్రమే పోయి గ మిగులుతుంది. ‘గూ’ ముందు పెట్టి డిలీట్ నొక్కితే అక్షరం మొత్తం పోతుంది. తెలుగు టైపు చేసేవారికి ఈ తేడా రోజూ పనికొస్తుంది, ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలో దీనికి చోటుండదు.

ఫాంటుకూ లిపి సంకేతానికీ తేడా మొదటి వారంలోనే నేర్పాలి. పాత అను ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలు కూర్చారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే గజిబిజి రోమన్ అక్షరాలే కనిపిస్తాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే 128 స్థానాల సొంత పట్టిక ఉంది, ఫాంటు మారినా అక్షరం మారదు. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన తెలుగు ఫాంటుకు గౌతమి అని గోదావరి పాయ పేరే ఉంది. మన వైపు పారే వశిష్ఠకు ఆ భాగ్యం దక్కలేదు. షాపులో అను నేర్చుకొని సచివాలయంలో యూనికోడ్ ఎదురుకాగానే తడబడే యువకుల్లో తెలివికి కొరతేమీ లేదు; ఈ తేడా వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఈ ప్రాంతపు కంప్యూటర్ ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ఇన్‌స్క్రిప్ట్ కొనాల్సిన సరుకు కాదు. విండోస్ భాషా సెట్టింగుల్లో తెలుగు చేర్చుకుంటే చాలు, విండోస్ మీటనూ స్పేస్ బార్‌నూ కలిపి నొక్కి ఇంగ్లీషుకూ తెలుగుకూ మారవచ్చు. వచ్చే బ్యాచికి మొదటి వారం తెలుగు నడిమి వరుస, రెండో వారం ఇంగ్లీషు నేర్పి చూడండి.