టెస్టు, మూస
“మా స్ట్రాటజీ ఇరవయ్యేళ్ల బ్యాక్‌టెస్ట్ పాసైంది” అంటుంటారు అల్గో ట్రేడింగ్ అమ్మేవాళ్లు, ఇంటర్ పాసైనంత ధీమాగా. స్ట్రాటజీని గడిచిపోయిన ధరల మీద నడిపి చూడటమే బ్యాక్‌టెస్ట్. ఇందులోని టెస్టు అన్న మాటకు మొదట్లో మార్కులతో పనిలేదు. లాటిన్‌లో టెస్టుమ్ అంటే మట్టిపాత్ర. ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషుకొచ్చి, వెండి బంగారాల్ని సీసంతో కరిగించే చిన్న మూకుడైంది. సీసం నాసిరకం లోహాల్ని వెంటబెట్టుకుని ఆ మూకుట్లోకే ఇంకిపోయేది, మేలిమి పైన మిగిలేది. పరీక్ష అన్న అర్థం ఆ తర్వాతిదే. మన కంసాలి దగ్గరా అలాంటి పాత్ర ఉంది: మూస, సంస్కృతంలో మూషా. బంగారం కరిగించే ఆ మూస కాస్తా అచ్చు అయిపోయి, ఇప్పుడు ‘మూస సినిమా’ అని తిట్టడానికే ఎక్కువ పనికొస్తోంది. బ్యాక్‌టెస్టుకు కావాల్సింది పాత మూస. జరిగేది మాత్రం కొత్త మూస. 20 రోజుల ధరల సగటుతో నష్టమొస్తే 23, అదీ కుదరకపోతే 17, గ్రాఫు పైకి లేచేదాకా అంకెలు మార్చి గడిచిపోయిన ధరలకు అచ్చు పోస్తారు. పైగా నేటి నిఫ్టీ 50 జాబితానే వెనక్కి మోసుకెళ్తారు. 2009 జనవరిలో కుప్పకూలి సూచీలోంచి పోయిన మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ అందులో ఎలాగూ ఉండదు. మునిగినవాటిని ముందే ఏరేస్తే లాభం రాక ఏం చేస్తుంది? అంకెలు కుదిర్చేటప్పుడు పక్కన పెట్టిన ఏళ్ల మీద, బ్రోకరేజీ, పన్నులు కలిపి నడిపి చూశారా అని అడగండి, చాలామంది మాట మార్చేస్తారు.