తడిసిన బిడ్డకు గుడ్డ

లూయిస్, క్లార్క్‌ల అమెరికా యాత్ర గురించి చదివినప్పుడల్లా మేము ఒక పసివాడి దగ్గర ఆగిపోతాం. 1805 ఫిబ్రవరి 11న, మంచు కాలంలో, ఫోర్ట్ మాండన్‌లో సకాజవియా అనే షోషోనీ తెగ తల్లికి పుట్టాడు. రెండు నెలలు నిండకముందే ప్రయాణం. రాత్రిళ్లు తోలు గుడారంలో అమ్మ పక్కన పడక. దళనాయకులిద్దరూ అందులోనే పడుకునేవారు.

జూన్ 29న గ్రేట్ ఫాల్స్ దగ్గర వడగళ్ల వాన. వాళ్లు తలదాచుకున్న వాగులోకి ఒక్కసారిగా వరద. తల్లి బిడ్డను చేతుల్లోకి అందుకుంది. వాడి బట్టలు, పక్క కొట్టుకుపోయాయి. క్లార్క్ ఆమెను వెనక నుంచి తోస్తూ గట్టెక్కించాడు. తన దిక్సూచి కూడా పోయింది. అయినా అందరినీ విడిదికి పరుగెత్తించింది బిడ్డకు కప్పడానికి గుడ్డ కోసమని దినచర్యలో రాసుకున్నాడు. అప్పుడే జబ్బు నుంచి తేరుకుంటున్న తల్లికి చలి తగులుతుందనీ ఆయన బెంగ. పెద్దల దండయాత్రల చరిత్రలో ఇలాంటి వాక్యం అరుదు!

ఆ బిడ్డ పసిఫిక్ తీరం దాకా వెళ్లి, ఏడాదిన్నర వయసులో, 1806 ఆగస్టులో మాండన్ గ్రామాలకు తిరిగొచ్చాడు.