దొంగ పందెం

1971 నవంబర్ 15, అర్ధరాత్రి వేళ. న్యూయార్క్ నగరం, మన్‌హట్టన్‌లోని తూర్పు 31వ వీధి. రెడ్‌బాల్ గ్యారేజీలో ముదురు నీలంరంగు ఫెరారీ డేటోనా ఇంజను రొద పెడుతోంది. పన్నెండు సిలిండర్లు, 350 హార్స్‌పవర్. స్టీరింగ్ ముందు ఇద్దరు వంతులవారీగా కూర్చోబోతున్నారు. ఒకరు డాన్ గర్నీ. 1967లో ఫ్రాన్సులోని లె మాన్స్ 24 గంటల రేసు గెలిచి, వారం తిరగకుండానే బెల్జియంలో ఫార్ములా వన్ రేసు కూడా గెలిచినవాడు. వృత్తి నుంచి తప్పుకుని అప్పటికి ఏడాదే అయింది. ఈ పందేనికి రానా వద్దా అని ఊగిసలాడి, ఆఖరి ఘడియలో సరేనన్నాడు. రెండోవాడు బ్రాక్ యేట్స్, ‘కార్ అండ్ డ్రైవర్’ పత్రిక రచయిత. పందెం ఆలోచన అతనిదే. కార్డు మీద బయలుదేరిన టైము ముద్ర పడింది. కారు చీకటి వీధిలోకి దూకింది.

గమ్యం కాలిఫోర్నియా సముద్ర తీరంలో రెడాండో బీచ్ దగ్గరున్న పోర్టోఫినో ఇన్. మధ్యలో ఒక ఖండం. వాళ్లు తిరిగింది 2,863 మైళ్లు, అంటే దాదాపు 4,600 కిలోమీటర్లు. విజయవాడ నుంచి ఢిల్లీ వెళ్లి తిరిగొచ్చి, మళ్లీ చెన్నై పోయి వచ్చినా ఆ దూరం పూర్తి కాదు. నిబంధనలు నాలుగు మాటల్లో తేలిపోతాయి. ఏ బండైనా సరే, ఏ దారైనా సరే, ఎంత వేగమైనా సరే, తక్కువ సమయంలో చేరినవాడిదే గెలుపు. డబ్బు బహుమానం లేదు. ప్రభుత్వ అనుమతి అసలే లేదు.

పందేనికి పెట్టిన పేరు ‘కానన్‌బాల్ బేకర్’ది. ఎర్విన్ బేకర్ 1914లో ‘ఇండియన్’ మోటార్‌సైకిలు మీద పదకొండున్నర రోజుల్లో అమెరికాను అడ్డంగా దాటాడు. 1933లో ఒక్కడే కారు నడుపుతూ అదే ప్రయాణాన్ని 53 గంటల 30 నిమిషాల్లో ముగించాడు. మట్టి బాటలూ బురద గుంటలూ ఉన్న రోజులవి. యేట్స్ కాలానికి దేశం ఈ కొస నుంచి ఆ కొసకు ఇంటర్‌స్టేట్ హైవేలు పరుచుకున్నాయి. వాటి మీద వేగ పరిమితులు బిగించడం యేట్స్‌కు మింగుడుపడలేదు. మంచి డ్రైవరు, మంచి కారు, మంచి రోడ్డు ఉంటే వేగంలో ప్రమాదం లేదని అతని వాదన. దాన్ని రుజువు చెయ్యడానికి 1971 మే నెలలో ఒక డాడ్జ్ వ్యానులో కొడుకునూ ఇద్దరు మిత్రులనూ ఎక్కించుకుని 40 గంటల 51 నిమిషాల్లో పడమటి తీరం చేరాడు. అప్పుడు పోటీకి మరో బండి లేదు. నవంబరులో ఎనిమిది బండ్లు వచ్చాయి.

పెన్సిల్వేనియా, ఒహాయో, మిస్సోరీ. ఒకరు నడుపుతుంటే పక్క సీట్లో మరొకరు కునుకు తీస్తున్నారు. పెట్రోలు కోసం ఆగడం, సీట్లు మారడం, మళ్లీ పరుగు. దారిలో పోలీసులు ఒక్కసారి ఆపి చలానా రాశారు. రోడ్డు తిన్నగా, ఎదుట ఎవరూ లేకుండా దొరికినచోట గర్నీ కాలు అదిమితే ముల్లు గంటకు 172 మైళ్ల దాకా పోయింది. అంటే దాదాపు 277 కిలోమీటర్లు.

వీళ్ల వెనకాల వస్తున్న ముగ్గురు మిత్రుల షెవర్లే వ్యాను కథ ఇంకోలా ఉంది. అందులో డ్రమ్ములు బిగించి దాదాపు 300 గ్యాలన్ల పెట్రోలు నింపారు. వెయ్యి లీటర్లకు పైమాటే. ఎక్కడా ఆగకూడదన్నది వాళ్ల పథకం. వెనక నుంచి ఏ లారీ అయినా గుద్దితే, ఆ గుద్దినవాడి గతి ఏమిటి? పందెం గురించి చదివిన ప్రతిసారీ నా మనసు ఫెరారీ దగ్గర కాదు, ఆ డ్రమ్ముల దగ్గరే ఆగిపోతుంది.

35 గంటల 54 నిమిషాలకు ఫెరారీ పోర్టోఫినో ముంగిట ఆగింది. సగటు వేగం గంటకు 128 కిలోమీటర్లు. డ్రమ్ముల వ్యాను 53 నిమిషాలు వెనకబడి రెండోదిగా వచ్చింది. పత్రికల్లో ఫొటోలు పడ్డాయి. కుర్రకారు వెర్రెత్తిపోయింది. 1972లో, 1975లో, 1979లో మళ్లీ పందేలు జరిగాయి. మధ్యలో చమురు సంక్షోభం వచ్చి, 1974 నుంచి దేశమంతటా వేగ పరిమితి గంటకు 55 మైళ్లకు దిగింది. దాంతో దొంగ పందేనికి తిరుగుబాటు రంగు కూడా అంటుకుంది. 1979లో ఒక జాగ్వార్ 32 గంటల 51 నిమిషాల్లో చేరింది. అదే ఏడు యేట్స్ అంబులెన్సులో బయలుదేరాడు. భార్యను రోగిలా పడుకోబెట్టి, వెంట నిజం డాక్టరును కూర్చోబెట్టుకుని పోలీసుల కళ్లు కప్పాడు. 1981లో బర్ట్ రేనాల్డ్స్ హీరోగా వచ్చిన ‘ది కానన్‌బాల్ రన్’ సినిమాకు కథ యేట్స్‌దే. తెర మీద ఆ అంబులెన్సును చూసి ప్రపంచం పగలబడి నవ్వింది.

సైరన్ వినబడగానే పక్కకు తప్పుకునే జనం నమ్మకాన్ని వాడుకోవడంలో నవ్వాల్సింది నాకేమీ కనబడదు. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి జనం ఇచ్చే దారి అది.

ఆ నాలుగు పందేల్లో ఎవరూ చనిపోలేదన్నది నిజం. 1972లో ముగ్గురు మహిళలు నడిపిన లిమోజిన్ టెక్సాస్‌లో బోల్తా పడి ఒకరి చెయ్యి విరిగింది, అంతే. అయినా 1979 తర్వాత యేట్స్ పందేన్ని ఆపేశాడు. బండ్లు నలభై దాటాయి, ఎవరో ఒకరి ప్రాణం పోయేదాకా ఇది ఆగదని అతనికి తెలిసిపోయింది. 1984లో ‘వన్ ల్యాప్ ఆఫ్ అమెరికా’ పేరుతో చట్టానికి లోబడిన పోటీ మొదలుపెట్టాడు. పుట్టించినవాడే చేతులు ఎత్తేసిన పందెం ఇది. అభిమానులు గర్నీ వేగాన్ని చెప్పుకున్నంతగా ఈ మాట చెప్పుకోరు.

యేట్స్ భయపడింది 2007 మే 2న మాసిడోనియాలో జరిగింది. గంబాల్ 3000 అనే ర్యాలీ యూరప్ దేశాల గుండా సాగుతోంది. స్ట్రూగా పట్టణం దగ్గర అందులోని పోర్షే కారు ఒక ఫోక్స్‌వ్యాగన్‌ను ఢీకొట్టింది. లోపలున్నవాళ్లు వయసు మళ్లిన భార్యాభర్తలు. ఇద్దరూ చనిపోయారు. ఆ ఏటి ర్యాలీ రద్దయింది. ఆ దంపతులు ఏ పందెమూ కాయలేదు. తమ ఊరి రోడ్డు మీద తమ దారిన తాము పోతున్నారు. నా ఫిర్యాదంతా ఇక్కడే ఉంది. తన ప్రాణం ఒడ్డే హక్కు తనకుందని రేసరు అనవచ్చు. ఎదుటి బండిలో ఉన్నవాడి ప్రాణం ఒడ్డే హక్కు అతనికి ఎవరిచ్చారు?

2020 ఏప్రిల్, మే నెలల్లో కరోనా వల్ల అమెరికా రోడ్లు ఖాళీ అయ్యాయి. యేట్స్ పందెం ఆపినా ఆ దారిలో పరుగులు ఆగలేదు, న్యూయార్క్ నుంచి కాలిఫోర్నియా రికార్డు వారాల వ్యవధిలో మళ్లీ మళ్లీ బద్దలైంది. ఆఖరికి 25 గంటల 39 నిమిషాలకు దిగింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మన 16వ నంబరు జాతీయ రహదారి మీద, తాడేపల్లి దాటి కృష్ణ దాటి, వలస కూలీలు పిల్లలను భుజాన వేసుకుని ఒడిశా వైపు నడిచారు. అక్కడ రోడ్డు ఖాళీ అయితే పందెం పరుగెత్తింది, ఇక్కడ ఖాళీ అయితే మనుషులు నడిచారు.

మామూలు రోజుల్లో మన డెల్టా రోడ్డు ఖాళీగా ఉండదు. బెజవాడ నుంచి బందరుకు వెళ్లే 65వ నంబరు రహదారినే తీసుకోండి. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు. గానుగ సీజన్లో ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరకు ట్రాక్టర్లు వెనక లైటు లేకుండా పోతుంటాయి. గర్నీ ఫెరారీ పరుగెత్తిన ఆ నవంబరు నడిమి రోజుల నుంచే మన దగ్గర వరి కోతలు ఊపందుకుంటాయి. రైతులు రోడ్డు అంచునే వడ్లు ఆరబోస్తారు, మంచు పడుతుందని రాత్రి బరకాలు కప్పి, రాశి పక్కనే కాపలా పడుకుంటారు. తెల్లారగట్ల పాల క్యాన్లతో సైకిళ్లు, కోత కూలీలతో ఆటోలు. నాలుగు వరుసలు వేసినంత మాత్రాన అది ఇంటర్‌స్టేట్ అయిపోదు. ఊరి వాకిలి దాని మీదికే తెరుచుకుంటుంది.

ఆ కంకిపాడులో పుట్టిన నటుడు కోట శ్రీనివాసరావు 2010 జూన్‌లో కొడుకును పోగొట్టుకున్నారు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆయన కొడుకు నడుపుతున్న స్పోర్ట్స్ బైకు ఒక వ్యానును ఢీకొట్టింది. అది పందెం కాదు, ఆదివారం కుటుంబమంతా భోజనానికి బయలుదేరిన రోజు. పందెం లేకుండానే రోడ్డు అంత నిర్దయగా ఉంటే, పందెం పెట్టి దాన్ని రెచ్చగొట్టడం ఎందుకు?

రాత్రి పదకొండు దాటాక ఫ్లైఓవర్ల మీద, బైపాస్‌ల మీద సైలెన్సర్లు పీకిన బండ్ల మోత బెజవాడ వాసులకు కొత్త కాదు. పోలీసులు కుర్రాళ్లను పట్టుకుని, తల్లిదండ్రులను స్టేషనుకు పిలిపించి కౌన్సెలింగ్ ఇస్తూనే ఉన్నారు. అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం పెట్టుకోవడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణతో మొదటిసారికి 3 నెలల వరకు జైలు గానీ 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, లేదా రెండూ. రెండోసారి దొరికితే జైలు ఏడాది దాకా, జరిమానా 10,000 దాకా పెరుగుతాయి. పద్దెనిమిది నిండని పిల్లవాడు బండితో నేరం చేస్తే 199ఎ సెక్షన్ ప్రకారం శిక్ష సంరక్షకుడికో బండి యజమానికో పడుతుంది. 3 ఏళ్ల వరకు జైలు, 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు.

ఇంటర్ పాసైతే బైకు కొనిస్తామని మాటిచ్చిన అమ్మానాన్నలారా, తాళం ఇచ్చే ముందు ఈ సెక్షన్లు మీ వాడితో కలిసి ఒకసారి చదవండి. రాత్రి మీ వీధి చివర పందెం మోత వినబడితే తలుపు వేసుకుని పడుకోకండి, 112కు ఫోన్ చెయ్యండి.